తిరగేసి చూడనివ్వని గుడ్డల ఎగ్జిబిషన్

మా అంగడికొచ్చే వాళ్ళలో చీర పనితనం ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో కౌంటరు దగ్గరే చెప్పేస్తాను. జాకెట్ ముక్క కోసం చీర తీసి పరుస్తారు కదా, తెలియనివాళ్ళు మెరిసే వైపు పైకి పెడతారు. తెలిసినోళ్ళు చేతికందిన కొసను తిరగేసి, వెనక దారాలు ఎట్లున్నాయో చూసుకుని మళ్ళీ సర్దుతారు. వాళ్ళు అనుకోకుండానే ఆ పని జరిగిపోతుంది. నాకూ అంతే. ధర్మవరంలో గుంత మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి, పెళ్ళయి అనంతపురం వచ్చి మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నదాన్ని. గుడ్డ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

అట్లాంటి నన్ను, అడుగడుగునా "ఆంటీ, తాకకూడదు" అనే ఎగ్జిబిషన్‌కు మా వదిన తీసుకుపోయింది.

ఇంట్లో, వీధిలో, పొలంలో దొరికే సామానుతో నేసినవి, కుట్టినవి, అల్లినవి అన్నీ ఒకచోట పెట్టారు. మాత్రల అట్టలు, మల్చింగ్ షీట్లు, యూరియా సంచులు, కేసెట్ రీళ్ళు, టీ వడకట్టే గుడ్డలు, ఆఖరికి తల వెంట్రుకలు కూడా. ఊళ్ళోనే ఒక కాలేజీ పాత హాలు. టికెట్ లేదు, పుస్తకంలో పేరు రాసి లోపలికి పోవచ్చు. ఏసీ లేదు. పైన ఫ్యాన్లు గట్టిగా తిరుగుతుంటాయి, ఆ గాలికి వేలాడదీసినవన్నీ గిరగిరా తిరుగుతాయి. నిర్వాహకులకు అది లోపంగానే అనిపించినట్టుంది, అటూ ఇటూ పరిగెత్తి పట్టుకుంటున్నారు. నాకు మాత్రం ఆ ఫ్యాన్లు చానా మేలు చేశాయి. చేత్తో తిప్పనివ్వని గుడ్డల వెనక వైపు గాలి తిప్పి చూపించింది.

తలుపు దాటగానే గోడకు పోస్టర్లు వరసగా ఉంటాయి. వేరే దేశాల్లో ఎవరెవరు ఏ సామానుతో గుడ్డ చేశారో ఫోటోలతో పెట్టారు. చాలామంది చూడకుండానే ముందుకు పోతున్నారు, మీరు మాత్రం ఆగి చూడండి. ఘనాలో పుట్టి నైజీరియాలో స్థిరపడిన ఎల్ అనాట్సుయి మందు సీసాల అల్యూమినియం మూతల్ని చదును చేసి, మెలిపెట్టి, రాగి తీగతో ఒకదానికొకటి కట్టి గోడంత తెరలు చేస్తాడు. 2015లో వెనిస్ బియెనాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో ఆయనకు జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ ఇచ్చారు. నాకు బహుమతి కంటే ఆ ఫోటోలో పడిన మడతల మీదే ఎక్కువ ధ్యాస. రేకు కదా, మడత ఎట్లా పడుతోందని దగ్గరికి పోయి చూశాను. ముక్క చిన్నది, ముక్కకూ ముక్కకూ మధ్య కట్టు వదులుగా వదిలేశాడు. అందుకే బరువుకు అదే జారి మడతలు పడుతుంది.

దాని పక్కన జర్మనీలో పుట్టిన ఆనీ ఆల్బర్స్ గురించి ఒక పోస్టర్. బౌహౌస్ అనే కళల బళ్ళో డిప్లొమా కోసం 1930లో నూలు, సెల్లోఫేన్ కలిపి ఒక ఆడిటోరియం గోడలకు గుడ్డ నేసిందట. ఒక వైపు వెలుతురును తిరగ్గొడుతుంది, ఇంకో వైపు శబ్దాన్ని మింగుతుంది. గుడ్డకు రెండు వైపులుంటాయని గుర్తుపెట్టుకుని రెండింటికీ చెరో పని పెట్టిన మనిషి. ఆ పోస్టర్ దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను.

మడగాస్కర్‌లో పది లక్షలకు పైగా సాలీళ్ళ నుంచి దారం లాగి నేసిన పసుపు పచ్చని వస్త్రం ఫోటో కూడా ఉంది. రంగు వేసింది కాదు, ఆ దారం రంగే అది. వదిన మొహం చిట్లించింది. "ఛీ, సాలెపురుగుల దారంతోనా?"

"మనం ముహూర్తానికి కట్టుకునేదేంది వదినా? పురుగు నోట్లోంచి వచ్చిందే కదా" అన్నాను. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళ వాసన ఒకసారి పీల్చినోళ్ళకు ఈ మాట తొందరగా ఎక్కుతుంది.

ఇక అసలు ప్రదర్శన. మొదట నిలబెట్టేది మాత్రల అట్టల బొంత. షుగరు, బీపీ, థైరాయిడ్ మాత్రలు అయిపోయాక మిగిలిన ఖాళీ అట్టలకు నాలుగు మూలలా చిల్లులు పెట్టి, సన్న తీగతో కలిపారు. డబల్ కాట్ దుప్పటంత ఉంది. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాం మింగిన మాత్రలేనని చీటీ మీద రాసుంది. వచ్చినోళ్ళంతా అందులో తమ మాత్ర ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. "ఇదిగో, నాది. పొద్దున పూట వేసుకునేది" అని ఒక పెద్దాయన భార్యకు చూపించి సంబరపడ్డాడు. ఆమె "నాది కింది వరసలో ఉండాదిలే" అంది.

ఆలోచన నాకు నచ్చింది. పని నచ్చలేదు. తీగను బిగించి కట్టేశారు, అందుకని బొంత పలకలాగా నిలబడింది. కప్పుకునేదానికి రాని బొంతను బొంత అని ఎట్లా అంటాం? అనాట్సుయి ఫోటో నాలుగడుగుల దూరంలోనే ఉంది. కట్టేటప్పుడు ఒకసారి దాన్ని చూసుంటే సరిపోయేది.

ఆ చీటీలో ఈ రేకు మెరుపును జరీతో పోల్చి ఏదో గొప్పగా రాశారు. పోల్చడానికి అంత కష్టపడాల్సిన పని లేదు, ఇప్పుడు రెండూ దగ్గర చుట్టాలే. అసలు జరీ అంటే పట్టు పోగుకు వెండి తీగ చుట్టి బంగారు పూత పూసింది. దాని కింద టెస్టెడ్ జరీ, అందులో రాగి తీగ. అదీ కాకుండా ఇవాళ మా కౌంటరు మీదికొచ్చే చీరల్లో ఎక్కువగా మెరిసేది ప్లాస్టిక్ పొర మీద లోహం పూత వేసి సన్నగా చీల్చిన దారం. ఆ ప్లాస్టిక్ పాలిస్టర్, అంటే నీళ్ళ సీసాలు చేసేది కూడా అదే. పారేసే సామానుతో గుడ్డలా అని ఎగ్జిబిషన్‌లో నోరు తెరిచేవాళ్ళ బీరువాల్లో అదే సామాను కలరా ఉండల మధ్య భద్రంగా ఉంది.

నా మట్టుకు ఈ ఎగ్జిబిషన్‌కు పోయినందుకు దక్కిన ఫలం మల్చింగ్ షీట్ నేత. టమోటా, కర్బూజ, కళింగర తోటల్లో సాళ్ళ మీద పరుస్తారు చూడండి, పైన వెండి రంగు, కింద నలుపు, ఆ షీట్. వెండి వైపు ఎండను తిరగ్గొడుతుంది, నల్ల వైపు వెలుతురు పోనీకుండా కలుపును అణుస్తుంది. ఏడాదికి సగటున ఐదారు వందల మిల్లీమీటర్ల వానే పడే జిల్లాలో నేల తేమ ఆరిపోకుండా కప్పే గుడ్డ అది. పంట అయినాక చింపి గట్టు మీద పడేస్తారు. గాలికి లేచి కంపచెట్లకు చుట్టుకుని నెలల తరబడి రెపరెపలాడుతుంటుంది. ధర్మవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా అదే.

దాన్ని కడిగి, వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, రాట్నం మీద మెలిపెట్టి పేకగా, అంటే అడ్డపోగుగా వేశారు. పడుగు, అంటే నిలువు పోగు, మామూలు నల్ల నూలు. మెలి తిరిగినచోట ఒకసారి వెండి పైకి తేలుతుంది, ఒకసారి నలుపు. ఎవరూ గీసిన డిజైన్ కాదు, మెలి ఎట్లా పడితే అట్లా. దూరం నుంచి చూస్తే సన్న గీతలు, దగ్గరికి పోతే అక్కడక్కడా అంటుకుని ఉన్న ఎర్రమట్టి కూడా కనిపిస్తుంది. ఎంత కడిగినా పోలేదంట.

నేసిన పిల్లోడు అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ధర్మవరం పక్క పల్లె, వాళ్ళ నాయన మగ్గం మీదే నేశాడంట. పేకను కొట్టి దగ్గరికి చేర్చే దువ్వెనలాంటి చట్రాన్ని పన్నె అంటాం. నాకు మొదట వచ్చిన అనుమానం దాని గురించే, అడిగేశాను.

"ఏం నాయనా, పన్నె కొడితే నిలుస్తుందా ఇది?"

"యాడ నిలుస్తాదక్కా. కొట్టి చెయ్యి తీస్తానే మళ్ళా ఎగిరొస్తాది. రెండు వరసలు ఇది వేసి, మధ్యన ఒక వరస నూలు వేస్తే అప్పుడు పట్టుకునింది."

పట్టుకూ నూలుకూ ఒక గుణం ఉంది. దెబ్బ పడితే సర్దుకుని పక్క పోగును ఆనుకుంటాయి. ప్లాస్టిక్ నున్నగా జారుతుంది, నలిపినా మళ్ళీ విచ్చుకుంటుంది. నూలు వరసను కాపలా పెట్టి దాన్ని అదుపు చేశాడు. పక్క అంచులు కూడా చూశాను, లోపలికి లాక్కుపోకుండా నిటారుగా వచ్చాయి. ఇట్లాంటి మొండి పేకతో అది రావడం తేలిక కాదు.

"మీ నాయన ఏమనలేదా?"

"మొదట్లో మగ్గం ముట్టుకోనీలేదక్కా. పోగులు తెగినాయంటే అతికేది నువ్వే, నన్ను పిలవగాకు అన్న్యాడు. ఇప్పుడు ఆయప్పే పట్టీలు కోసిస్తాన్నాడు."

నేను అడగకముందే గుడ్డ తిరగేసి చూపించాడు. అక్కడ ఉన్నవాళ్ళలో నా చెయ్యి ఏం వెతుకుతోందో అర్థమైంది ఆ పిల్లోడికి ఒక్కడికే. గుజరాత్‌లో కచ్ వైపు ఖమీర్ అనే సంస్థ ప్లాస్టిక్ సంచుల్ని ఇట్లాగే చీల్చి మగ్గాల మీద నేయిస్తోందని, ఫోన్లో అది చూసే తనకు ఈ బుద్ధి పుట్టిందని చెప్పాడు. చూసి చేసినా, పొలం గట్టు మీది సామాను, వాళ్ళ నాయన మగ్గం కలిసి ఇది అనంతపురం గుడ్డే అయింది.

జనం గుమిగూడింది మాత్రం దీని దగ్గర కాదు. హాలు మధ్యలో బొమ్మకు కట్టిన చాక్లెట్ కాగితాల పట్టుచీర దగ్గర. దాని చుట్టూ రంగు లైట్లు, సెల్ఫీలకు క్యూ. ఫ్యాన్ గాలికి పైట కొంచెం లేచినప్పుడు వెనక చూశాను. కార్డుబోర్డు, దాని మీద గ్లూ గన్ గడ్డలు. కుచ్చిళ్ళు కూడా అంటించినవే. ఒక్క పోగు నేయలేదు, ఒక్క కుట్టు వేయలేదు, ఒక్క మడత పడదు. స్కూలు పిల్లలు చేసుంటే చప్పట్లు కొట్టేదాన్ని. మా వదిన సెల్ఫీ తీసుకుని, స్టేటస్ కూడా పెట్టింది. అది ఆమె ఇష్టం.

యూరియా సంచి పోగులు లాగి చేసిన తెర గురించి రెండు ముక్కలు. ఆ సంచి పుట్టుకతోనే నేత గుడ్డ అని చాలామందికి తట్టదు. ప్లాస్టిక్ నాడాలను గుండ్రటి మగ్గం మీద గొట్టంలాగా నేసి, అడుగు కుట్టేస్తారు. ఇక్కడ దాన్ని సగం దాకా విప్పి, విప్పిన పోగుల్ని అట్లాగే కిందికి వేలాడదీశారు. పైన కంపెనీ అక్షరాలు, కిందికి వచ్చేసరికి ఒట్టి పోగులు. సంచిని వేరే ఏదోగా నటింపజేయకుండా సంచిగానే చూపించారు. బాగుంది.

వెనక గదిలో జకార్డు అట్టల, అంటే చీర డిజైన్‌ను చిల్లులుగా కొట్టి మగ్గానికి తగిలించే అట్టల తెర ఉంది. కంప్యూటర్ జకార్డులు వచ్చాక ధర్మవరంలో పాత అట్టల దండలు అటక మీదికి చేరాయి, కొన్ని పొయ్యిలోకి కూడా పోయాయి. అట్లాంటివి తెచ్చి, పైకప్పు నుంచి నేల దాకా వేలాడదీసి, వెనక నుంచి లైటు వేశారు. చిల్లుల్లోంచి వెలుతురు పడి ఎదుటి గోడంతా చుక్కలు. కంటికి అందంగానే ఉంది. పక్కన చీటీ మాత్రం ఇంగ్లీషులో, పేజీ పొడుగునా 1804లో ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన తెచ్చిన యంత్రం, దానికీ కంప్యూటర్‌కూ ఉన్న చుట్టరికం. ఈ అట్టలు ఏ చీరవి, అంచువా పైటవా, చిల్లులు ఎవరు కొట్టారు? ఒక్క మాట లేదు.

వాళ్ళు రాయలేదు కాబట్టి నేను చెబుతాను. మగ్గం పైనుండే పెట్టెలో సూదులుంటాయి. ఒక్కో అట్ట ఒక్కో పేక వరసకు. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం లేస్తుంది, దాంతో పోగులు లేస్తాయి. చిల్లు లేనిచోట అట్ట సూదిని నెట్టేస్తుంది, ఆ పోగు కిందనే ఉండిపోతుంది. అంచులో ఒక మామిడిపిందె రావాలంటే గళ్ళ కాగితం మీద డిజైన్ గీసి, గడి గడికీ చూసుకుంటూ చిల్లులు కొట్టాలి. ఆ గీసేవాళ్ళకు గురువు లేపాక్షి గుడి. లతా మండపం స్తంభాల మీద చెక్కిన లతలు, పైకప్పు చిత్రాల్లో ఆడవాళ్ళు కట్టుకున్న చీరల అంచులు చూసొచ్చి కాగితం మీదికి ఎక్కించేవాళ్ళు. విజయనగరం రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో రాయి మీదికి ఎక్కిన తీగ ఈ చిల్లుల దారినే మన పెళ్ళి చీరల్లోకి దిగింది. చీటీ రాయాల్సింది దాని గురించి.

అట్టల్ని వరసగా దారంతో కుట్టేది ఇంట్లో పిల్లలం. ఒక్క నంబరు అటూ ఇటూ అయితే పిందె నడుమ విరిగిపోయేది. ఇక్కడి తెరలో నంబర్లన్నీ కలగాపులగంగా ఉన్నాయి. అక్కడ నిలబడిన డిగ్రీ పిల్లకు అదే చెప్పాను.

"మీకెట్లా తెలుసు ఆంటీ?"

"సరిగ్గా కుట్టలేదని మా నాయన చేతిలో దెబ్బలు తిన్న్యాం పాపా."

ఆ పిల్ల నవ్వి, నోటుబుక్కు తీసి నేను చెప్పిందంతా రాసుకుంది. చీటీ మారుస్తారో లేదో చూడాలి. తెలుగులో పెడితే ఇంకా సంతోషం. మగ్గాల ఊళ్ళ నుంచి వచ్చిన ముసలోళ్ళు ఆ ఇంగ్లీషు కాగితాల ముందు ఊరికే నిలబడి, పక్కకు పోతున్నారు.

టీ అంగళ్ళ వడపోత గుడ్డలతో కుట్టిన దుప్పటి ఈ గదిలోనే ఉంది. తొందరలో దాటేసేరు, ఆగండి. ఒక్కో గుడ్డది ఒక్కో గోధుమ రంగు. కొన్ని గుడ్డల మీద తుప్పు పట్టిన బోల్టులు, నట్లు తడిపి పెట్టి వదిలేశారు. అవి తగిలినచోట నల్లగా మచ్చలు తేలాయి. పక్కనున్నాయన అది ఇంకు అనుకున్నాడు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ నలుపు కూడా ఈ దారిలోదే. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరబెట్టి, ఆ నీళ్ళతో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు. టీలో ఉన్నదీ ఆ వగరే. ఇది చేసిన ఆవిడ ఎవరో నాకు కనిపించలేదు గానీ, రంగు సంగతి తెలిసిన చెయ్యి. ముక్కలు కలిపిన కుట్టు కూడా చిన్నగా, సమంగా ఉంది.

కేసెట్ రీళ్ళతో అల్లిన శాలువా ఒకటి. రీలు అంటే పాలిస్టర్ పొర మీద ఇనుప ఆక్సైడు, అందుకే ఆ తుప్పు రంగు. పౌరాణిక నాటకాల పద్యాలు, హరికథలు, ఎవరిదో పెళ్ళి మేళం అని కింద రాశారు. వదిన చెవి దగ్గర పెట్టి చూస్తానంది, తాకనిస్తే కదా. వెంట్రుకలతో అల్లిన జాలీ దగ్గర నేను నిలబడలేకపోయాను. స్టీలు గిన్నెలిచ్చి వెంట్రుకలు కొనేవాళ్ళు వీధిలో తిరుగుతుంటారు కదా, వాళ్ళ దగ్గర తెచ్చినవట. పని సన్నగానే ఉంది, చూడగలిగినోళ్ళు చూడండి.

నాకు నిజంగా కొదవ అనిపించింది వేరే ఉంది. పాత చీరలతో బొంతలు కుట్టిన అవ్వలు, మధ్యాహ్నాలు అరుగుల మీద కూర్చుని ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లిన మా వయసు ఆడవాళ్ళు, అద్దాలు, పావలా బిళ్ళలు, గవ్వలు కుట్టి లంగాలు చేసుకున్న లంబాడీ తండాల అమ్మమ్మలు, వీళ్ళెవరి పనీ ఆ హాల్లో లేదు. చేతికందిన సామానుతో గుడ్డ చేయడం ఇప్పుడే ఎవరో కనిపెట్టినట్టుంది. వదిన అయితే గట్టిగానే అనేసింది, "మా అటక మీద నాలుగు వైరు బుట్టలుండాయి, తెచ్చి పెడతా, వాటికీ లైట్లు వేస్తారా?" అని. నిర్వాహకులు నవ్వారే గానీ తెమ్మని అనలేదు.

తాకకూడదన్న నియమం సంగతి. పది మంది చేతులు పడితే పాడవుతాయి, ఒప్పుకుంటాను. మేము అంగట్లో ఖరీదైన చీరను బీరువాలోనే పెట్టి, చెయ్యి వేసి చూడ్డానికి చిన్న ముక్క బయట పెట్టమా? ప్రతి దాని పక్కనా జానెడు ముక్క వేలాడదీస్తే చాలు. గుడ్డను కళ్ళతో సగమే చూడగలం. వెనక వైపు కనిపించేలా గోడకు రెండడుగుల దూరంలో వేలాడదీసినా సగం గొడవ తీరుతుంది.

ఆదివారం దాకా ఉంటుంది, పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు. మధ్యాహ్నం పోతే హాలు ఉడికిపోతుంది, తాగే నీళ్ళు మీరే తీసుకుపోండి. అట్టల గది వెలుతురు సాయంత్రమే బాగా కనిపిస్తుంది. బయటికొచ్చే దారిలో అమ్మకాల బల్ల ఉంది. మల్చింగ్ షీట్ నేసిన చేతి సంచి 450 రూపాయలు. ఎక్కువని పక్కనున్నోళ్ళు గొణిగారు. కడగడం, కోయడం, మెలిపెట్టడం, మగ్గం కూలి లెక్క కడితే నాకైతే తక్కువే అనిపించింది, ఒకటి కొన్నాను. గుడ్డకు వంక లేదు గానీ పిడి దగ్గర ఒక్క వరస కుట్టుతో సరిపెట్టారు, రెండు కిలోల ఎర్రగడ్డలు వేస్తే ఊడొస్తుంది. గుణకారం గుర్తులాగా ఐమూలగా కుట్టించమని ఆ పిల్లోడికి చెప్పాను, కొత్తవాటికి అట్లాగే వేయిస్తానన్నాడు. కొనేటప్పుడు సంచి లోపలి వైపు తిరగేసి, పిడి ఒకసారి గట్టిగా లాగి చూసుకోండి.